కాలువ క్యాలెండరుతో చేపల తొట్టి: ఒక నీటి డైరీ

జనవరి, సంక్రాంతి దాటాక

చేపల తొట్టి పెట్టాలనుకునేవారికి దుకాణంలో మొదట చూపించేది చేపలను. తరువాత లైటు, రంగురాళ్లు, ఫిల్టరు. నీటి ప్రస్తావన ఆఖరున, "ఒక రోజు నిలవ ఉంచి పోయండి" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. గోదావరి డెల్టాలో ఆ ఒక్క మాట చాలదు. ఇక్కడ చాలా ఇళ్లలోకి మూడు రకాల నీళ్లు వస్తాయి. వాటిలో కుళాయి నీరు వేసవిలో ఒకలా, వరదలప్పుడు ఒకలా, మిగతా రోజుల్లో ఒకలా ఉంటుంది. అందుకే ఈ డైరీలో చేపల కంటే నీటి లెక్కలే ఎక్కువగా రాసుకోబోతున్నాను.

మా ఇల్లు పాలకొల్లులో. కుళాయిలో వచ్చేది గోదావరి నీరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజి వెనుక నిలిచి, విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువలోకి దిగి, మంచినీటి చెరువులో నిలవ ఉండి, శుద్ధి అయ్యి, క్లోరిన్ కలుపుకొని మా ఇంటికి చేరుతుంది. రెండోది పెరట్లో బోరు. మూడోది ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను.

తొట్టి 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. లెక్కకు 106 లీటర్లు. అడుగున పరిచిన ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నికరంగా 85 లీటర్లు. ఇక మీదట ఏ మందు వేసినా, ఎంత నీరు మార్చినా లెక్క ఈ 85 మీదే.

మావయ్య ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులు చేస్తారు. తొట్టి కొన్నానని ఫోనులో చెప్పగానే, "ఆల్కలినిటీ ఎంతుందమ్మా?" అన్నారు.

"ఏ చేపలు వేస్తున్నావని అడుగుతారనుకున్నాను మావయ్యా."

"అది తరువాత. ముందు మూడు సీసాల్లో మూడు నీళ్లూ పట్టి భీమవరం ల్యాబుకు పంపు. సీసా నిండా పట్టు, లోపల గాలి ఉండకూడదు."

చెరువుల రైతులు సాధారణంగా చేయించే పరీక్షలే ఇవి. రొయ్యల, చేపల సాగు ఇంతగా పెరిగిన ఈ ప్రాంతంలో నీటి పరీక్ష చేసే ల్యాబులకు కొదవ లేదు. ఇంట్లో తొట్టి పెట్టుకునేవారు ఆ గుమ్మం తొక్కకపోవడమే నాకు ఆశ్చర్యం. ఇంత దగ్గరలో ఇంత మంచి సదుపాయం మరే ఊరి చేపల ప్రేమికులకు ఉంటుంది?

ఫలితాలు వచ్చాయి. పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం. హార్డ్‌నెస్ అంటే నీటి గట్టిదనం, టీడీఎస్ అంటే కరిగిన లవణాల మొత్తం. కుళాయి నీరు: పీహెచ్ 7.6, ఆల్కలినిటీ 120, హార్డ్‌నెస్ 110, టీడీఎస్ 220. బోరు నీరు: పీహెచ్ 7.4, ఆల్కలినిటీ 420, హార్డ్‌నెస్ 480, టీడీఎస్ 1400, దానికి తోడు ఇనుము. క్యాను నీరు: పీహెచ్ 6.5, ఆల్కలినిటీ 20, హార్డ్‌నెస్ 15, టీడీఎస్ 45. పీహెచ్ తప్ప మిగతావన్నీ పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో.

చాలామంది టీడీఎస్ పెన్ను ఒకటి కొని, అంకె తక్కువ వస్తే నీరు మంచిదనుకుంటారు. ఆ పెన్ను నీటిలో కరిగిన లవణాల గురించి మాత్రమే చెబుతుంది. అమ్మోనియా ఉందో లేదో దానికి తెలియదు. నేను పట్టుకోవలసిన అంకె ఆల్కలినిటీ. నీటిలోని బైకార్బొనేట్ల నిల్వకు అది కొలత. తొట్టిలో రోజూ ఆమ్లం పుడుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు విరిచి పీహెచ్‌ను నిలబెట్టేది ఈ నిల్వే. గాదెలో గింజలున్నంత కాలం ఇంట్లో లోటు తెలియనట్టే, ఆల్కలినిటీ ఉన్నంత కాలం పీహెచ్ కదలదు. అడుగంటాక మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది.

క్యాను నీటిలో ఆ నిల్వ 20. దాన్నే అందరూ స్వచ్ఛమైన నీరని తొట్లలో పోస్తున్నారు.

ఫిబ్రవరి

కుళాయి నీటితో తొట్టి నింపాను. చేపలు ఇంకా రాలేదు. ముందు బాక్టీరియా రావాలి.

చేపల విసర్జన నుంచి, మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. నైట్రోసోమొనాస్ వంటి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది కాస్త పెరిగినా తట్టుకుంటాయి, నీరు మార్చి దాన్ని తగ్గించుకోవచ్చు. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు. స్పాంజి మీద, పింగాణీ ముక్కల మీద, ఇసుక మీద పొరలా పట్టుకుని బతుకుతుంది. అందుకే రెండు స్పాంజి ఫిల్టర్లు, ఒక డబ్బా నిండా పింగాణీ రింగులు పెట్టాను. నీరు తేటగా ఉన్నంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్టు కాదు. అమ్మోనియాకు రంగు లేదు. ఈ మోతాదులో వాసన కూడా తెలియదు.

చేపలు లేకుండా బాక్టీరియాకు ఆహారం ఎలా? నవాసాగరంతో. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వేడి గిన్నె మీద రుద్దే తెల్లని పొడి అదే, అమ్మోనియం క్లోరైడు. బజారు సరుకులో ఏమేం కలిసి ఉంటాయో అన్న జాగ్రత్తతో, ల్యాబు రసాయనాలు అమ్మే చోట శుద్ధమైనది కొన్నాను. 85 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం ఉండాలంటే 170 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలి. అందుకు సుమారు అర గ్రాము నవాసాగరం సరిపోతుంది. నగల తూకానికి వాడే చిన్న త్రాసు మీద తూచి వేశాను.

మొదట కొన్నాళ్లు ఏమీ జరగలేదు. పరీక్ష గొట్టంలో అమ్మోనియా ముదురు ఆకుపచ్చగానే ఉంది. తరువాత ఆకుపచ్చ పలచబడి పసుపు వైపు తిరిగింది, అదే సమయంలో నైట్రైటు పరీక్షలో ఊదారంగు మొదలైంది. అమ్మోనియా ముందు తగ్గడం, నైట్రైటు ఎక్కువ కాలం మొండికేయడం మామూలే. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన వాతావరణంలో నీరు 27, 28 డిగ్రీలు ఉండడం బాక్టీరియాకు అనుకూలం.

ఈ దశలో నేను అమ్మోనియాతో పాటు ఆల్కలినిటీ కూడా కొలుస్తూ వచ్చాను. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేటుగా మారేటప్పుడు 7.14 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. 2 పీపీఎం అమ్మోనియా అంటే 1.65 పీపీఎం నైట్రోజన్. అంటే ఒక్కో మోతాదుకు దాదాపు 12 పీపీఎం ఆల్కలినిటీ పోతుంది. నీరు మార్చకుండా పది మోతాదులు వేస్తే మా కుళాయి నీటి 120 మొత్తం ఖాళీ! అప్పుడు పీహెచ్ పడిపోతుంది, బాక్టీరియా పని ఆపేస్తుంది. "ఎన్ని వారాలైనా తొట్టి సిద్ధం కావడం లేదు" అని వాపోయేవారు చాలామంది క్యాను నీరు పోసినవారే కావడం వెనుక కారణం ఇదేనని నా నమ్మకం.

70 దగ్గరికి రాగానే వంట సోడా వేశాను. 85 లీటర్లలో ఒక గ్రాము వంట సోడా ఆల్కలినిటీని 7 పీపీఎం పెంచుతుంది. 5 గ్రాములు వేస్తే 35. కొనేటప్పుడు చీటీ చూడాలి, అది బేకింగ్ పౌడరు కాకూడదు.

మార్చి

వేసిన 2 పీపీఎం అమ్మోనియా మర్నాటికల్లా సున్నా, నైట్రైటు కూడా సున్నా. నైట్రేటు మాత్రం బాగా పెరిగింది. సగానికి పైగా నీరు మార్చి చేపలు తెచ్చాను: మోలీలు, గప్పీలు, కొన్ని జీబ్రా డానియోలు. మోలీలు, గప్పీలు కాస్త గట్టి నీటినే ఇష్టపడతాయి. జీబ్రాలు మన దేశపు వాగుల్లో పుట్టిన చేపలు, తట్టుకునే గుణం ఎక్కువ. నియాన్ టెట్రాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటికి మెత్తని నీరు కావాలి. డెల్టాలో ఉంటూ అమెజాన్ నీటిని తయారు చేయడం కంటే, ఇక్కడి నీటికి తగిన చేపలను ఎంచుకోవడమే చేపల పట్ల న్యాయం.

మేత లెక్క కూడా రాసుకున్నాను. మొత్తం చేపల బరువు 20 గ్రాములనుకుంటే రోజుకు అర గ్రాము మేత చాలు. 40 శాతం మాంసకృత్తులున్న మేతలో అర గ్రాముకు 32 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. కొంత చేప ఒంట్లో చేరి, సుమారు 20 మిల్లీగ్రాములు నీటిలోకి వస్తుందనుకుందాం. ఆ లెక్కన రోజుకు ఒక పీపీఎం నైట్రేటు పెరుగుతుంది, 1.7 పీపీఎం ఆల్కలినిటీ తరుగుతుంది. వారానికి 7 పెరుగుదల, 12 తరుగుదల. ప్రతి వారం పావు వంతు నీరు మారిస్తే నైట్రేటు 30 దాటదు. క్యాను నీటితో నింపిన తొట్టిలోనైతే ఇదే మేతకు 20 ఆల్కలినిటీ రెండు వారాల్లోపే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇదంతా మొక్కలు లేవనుకుని వేసిన లెక్క. మొక్కలు పెరిగే కొద్దీ నైట్రేటు ఇంకా తగ్గాలి.

వారానికోసారి పని ఇలా స్థిరపడింది. ముందు రోజు రాత్రి డ్రమ్ములో కుళాయి నీరు పట్టి, గాలి బుడగలు వదిలే గాలి రాయి వేసి ఉంచుతాను. శుద్ధి చేసిన కుళాయి నీటిలో వినియోగదారు దగ్గర కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన తాగునీటి ప్రమాణం. మనకు మేలు చేసేదే, చేప మొప్పలను మాత్రం కాల్చేస్తుంది. రాత్రంతా గాలి ఆడితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ వేస్తాను. మర్నాడు సైఫన్ గొట్టంతో ఇసుక మీది మడ్డి లాగుతూ 21 లీటర్లు తీస్తాను. స్పాంజిని ఆ తీసిన నీటిలోనే పిండుతాను. కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి నెల రోజుల బాక్టీరియా పోతుంది. ఆ మడ్డి నీరు కరివేపాకు మొక్కకు, కొబ్బరి మొక్కకు. నైట్రేటుతో నిండిన నీరు మొక్కకు ఎరువే కదా.

ఏప్రిల్, కాలువలు కట్టేశాక

అసలు పరీక్ష ఇప్పుడు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలవగానే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేదాకా ఊళ్లన్నీ చెరువుల్లో నిలవ చేసిన నీటి మీదే బతకాలి. కుళాయి సమయం తగ్గింది. నీటిలో పాచి వాసన, దాని మీద క్లోరిన్ వాసన. టీడీఎస్ 220 నుంచి 310కి ఎక్కింది. మనుషులకే నీరు పొదుపుగా వాడుకోవలసిన రోజుల్లో తొట్టికి కుళాయి నీరు పోయడం నాకు నచ్చలేదు.

బోరు నీరు ఒక్కటే పోస్తే 420 ఆల్కలినిటీ మరీ ఎక్కువ. క్యాను ఒక్కటే పోస్తే నిల్వ లేదు. రెండూ కలిపితే? మూడు పాళ్లు క్యాను నీరు, ఒక పాలు బోరు నీరు. ఆల్కలినిటీ లెక్క: మూడు ఇరవైలు 60, దానికి 420 కలిపితే 480, నాలుగుతో భాగిస్తే 120. సరిగ్గా జనవరి నాటి కాలువ నీటి అంకె! టీడీఎస్ 384 వస్తుంది, మోలీలకు అది లెక్కలోకి రాదు. పరీక్ష గొట్టంలో కూడా 120 దగ్గరే తేలినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

బోరు నీటిని నేరుగా పోయకూడదు. పట్టినప్పుడు తేటగా ఉంటుంది. రాత్రంతా గాలి ఆడిస్తే ఇనుము తుప్పు రంగులోకి తిరిగి అడుగున పేరుకుంటుంది. పై తేట మాత్రం తీసుకోవాలి. ఇంకొక సంగతి గమనించాను: పట్టినప్పుడు 7.4 ఉన్న పీహెచ్ గాలి ఆడాక 8.1 అయింది. భూమి లోపల కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు బయటికి పోవడమే కారణం. అంటే బోరు నీటి పీహెచ్ పట్టిన వెంటనే కాదు, గాలి ఆడాక కొలిస్తేనే నిజం.

ఈ నెలలోనే మా వీధిలో పదో తరగతి చదివే అబ్బాయి వచ్చాడు. "అక్కా, మా తొట్టిలో చేపలు మందకొడిగా ఉన్నాయి. నీరు పాతబడిందేమో, సగం తీసేసి బోరు నీరు పోసేస్తాను" అన్నాడు. ఏడాదిగా క్యాను నీరే పోస్తున్నాడట. ఆగమని చెప్పి నా నీటి పరీక్ష కిట్టు తీసుకెళ్లాను. పీహెచ్ 6. అమ్మోనియా 4 పీపీఎం. ఆల్కలినిటీ పరీక్షలో మొదటి చుక్కకే రంగు మారిపోయింది, అంటే నిల్వ దాదాపు లేనట్టే.

ఆ తొట్టి ఎలా బతుకుతోందో అర్థం చేసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే డెల్టాలో ఇలాంటి తొట్లు ఎన్నో ఉంటాయి. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు హాని చేయని అమ్మోనియం, రెండోది విషమైన స్వేచ్ఛా అమ్మోనియా. ఏది ఎంత అన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 6 దగ్గర విషరూపం 0.08 శాతం, 7 దగ్గర 0.8, 8 దగ్గర సుమారు 7.5, 8.5 దగ్గర దాదాపు 20 శాతం. ఆ అబ్బాయి తొట్టిలో ఆల్కలినిటీ అయిపోయి పీహెచ్ పడింది, బాక్టీరియా చతికిలబడింది, అమ్మోనియా పేరుకుంది. పీహెచ్ 6 దగ్గర ఉన్నందువల్లే అది చేపలను చంపలేదు. సగం బోరు నీరు పోస్తే పీహెచ్ గంటల్లో 8 దరిదాపులకు చేరుతుంది. అమ్మోనియా పలచబడి 2 పీపీఎం అయినా, విషభాగం శాతం దాదాపు వంద రెట్లు అవుతుంది. నీరు బాగుచేద్దామని చేసిన పనే చేపల ప్రాణం తీస్తుంది. "బోరు నీరు పోయగానే చచ్చిపోయాయి, బోరు నీరు మంచిది కాదు" అనుకుంటారు తరువాత.

మేము చేసింది: రెండు రోజులు మేత బంద్. మొదట క్యాను నీటితోనే కొద్దికొద్దిగా మార్చి అమ్మోనియాను ఒకటి లోపుకు దించాం. తరువాత మార్చే నీటిలో రోజుకు ఒక చెంబు చొప్పున తేర్చిన బోరు నీరు కలుపుతూ, పీహెచ్ మెల్లగా ఎక్కేలా చూశాం. నా స్పాంజిల్లో ఒకదాన్ని ఆ అబ్బాయి ఫిల్టరులోకి పిండాను. ఇప్పుడు అమ్మోనియా సున్నా, పీహెచ్ 7.5. అబ్బాయి పుస్తకం పెట్టి అంకెలు రాసుకుంటున్నాడు. నాకంటే పొందికగా రాస్తున్నాడు.

మే, రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండ. తొట్టి నీరు 33 డిగ్రీలు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ ఇముడుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పట్టే నీటిలో 30 దగ్గర 7.6, 35 దగ్గర 7 మాత్రమే పడుతుంది. చేపకేమో వేడికి ఆకలి, ఊపిరి రెండూ ఎక్కువ. బాక్టీరియా కూడా వాటాకు వస్తుంది. ఒక మిల్లీగ్రాము నైట్రోజన్ మార్చడానికి నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ దానికి కావాలి.

నీటి మట్టం మీదుగా చిన్న ఫ్యాను పెట్టాను. ఆవిరితో నీరు చల్లబడుతుంది. కానీ మనది సముద్రపు గాలి, ఉక్కపోత. రెండు డిగ్రీలకు మించి తగ్గలేదు. గాలిలో తేమ తక్కువున్న చోట ఇదే ఫ్యాను ఇంకా బాగా పనిచేస్తుంది. మూత తీసి దోమతెర వేశాను, మేత తగ్గించాను, మోటారు నుంచి రెండో గాలి గొట్టం లాగాను. కరెంటు పోతే నడిచే బ్యాటరీ మోటారు ఒకటి కొన్నాను. గాలి ఆగితే స్పాంజిలో నీటి కదలిక ఆగి, లోపలి బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. చేపల కోసమే కాదు, దాని కోసం కూడా ఆ మోటారు.

తొట్టిని చూడవలసింది సాయంత్రం కాదు, తెల్లవారుజామున. రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి ఆ వేళకే అది అట్టడుగున ఉంటుంది. చెరువుల మీద రైతులు టార్చి పట్టుకుని తిరిగేది అప్పుడే. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే గాలి పెంచాలి.

ఆవిరైన నీటి స్థానంలో క్యాను నీరే పోస్తున్నాను, బోరు నీరు కలపడం లేదు. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. తగ్గిన మట్టాన్ని ప్రతిసారీ బోరు నీటితో నింపితే ఒక్క వేసవిలో లవణాలు రెట్టింపు కాగలవు. మార్చే నీరు వేరు, నింపే నీరు వేరు.

జూన్

కాలువలకు నీరు వదిలారు. కాలువలో మొదటి నీరు ఎండుటాకులు, చెత్త, మురికి అంతా తోసుకొస్తుంది. అది చెరువులకు, చెరువుల నుంచి కుళాయికి చేరి కుదుటపడే వరకు కలిపిన నీరే వాడాను. తరువాత కూడా ఒక్కసారిగా మారలేదు. మొదటి వారం పావు వంతు కుళాయి నీరు, ఆపై సగం, ఆపై పూర్తిగా. ఆల్కలినిటీ అంకె ఒకటే అయినా లవణాల తేడాకు చేప ఒళ్లు అలవాటు పడాలి.

ఆగస్టు

ఎర్ర నీరు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, 11.75 అడుగుల మట్టం, 10 లక్షల క్యూసెక్కుల వరద దగ్గర ఇచ్చే హెచ్చరిక అది. నది మధ్య లంకల్లోని వారికి ఇది పడవల కాలం, పశువులను గట్టు ఎక్కించే కాలం. ఊళ్లో ఉన్న మాకు కుళాయి నీటిలో లేత మట్టి రంగు.

అత్తయ్యగారు చిన్నప్పుడు వరద నీటిని బిందెల్లో పట్టి, చిల్లగింజను రాతి మీద అరగదీసి కలిపేవారట. కాసేపటికి మట్టంతా అడుగుకు దిగి పైన తేట తేలేదట. ఆ గింజ దొరకనివారు పటిక తిప్పేవారు. శుద్ధి కేంద్రాల్లో ఇప్పటికీ మట్టిని దించేది పటికే. అయితే పటిక ఆల్కలినిటీని తింటుంది, ఒక మిల్లీగ్రాముకు సుమారు అర మిల్లీగ్రాము. అసలే వాన నీరు కలిసి పలచబడిన వరద నీరు, దాని మీద పటిక మోతాదు పెరిగింది. ఈ వారం కుళాయి నీటి ఆల్కలినిటీ 80. రంగు తేరుకున్నా అంకె తేరుకోలేదు. కిట్టు లేకపోతే ఇది ఎలా తెలుస్తుంది?

ఐదు పాళ్లు కుళాయి నీటికి ఒక పాలు తేర్చిన బోరు నీరు కలిపితే 137 వచ్చింది. ఇబ్బంది లేదు. పేరుపాలెం బీచిలో ఏరిన ఆల్చిప్పలను ఉడికించి, నలగగొట్టి, చిన్న సంచిలో ఫిల్టరు దగ్గర కూడా పెట్టాను. పీహెచ్ 7.5 పైన ఉంటే అవి పెద్దగా కరగవు, కిందికి జారినప్పుడే కరుగుతాయి. ఆపద్ధర్మంగా ఉండడం మంచిదే కానీ పూర్తిగా వాటి మీద ఆధారపడను.

వరద రోజుల్లో క్లోరిన్ వాసన కూడా ఎక్కువగా ఉంది. డ్రమ్ములో గాలి ఆడించడంతో సరిపెట్టకుండా ప్రతిసారీ హైపో వేస్తున్నాను.

అక్టోబర్

మోలీలు, గప్పీలు పిల్లలు పెట్టాయి. ఇంట్లో అందరికీ సంబరం. మేత కాస్త పెరిగింది, పది రోజుల్లో నైట్రేటు పరీక్ష నారింజ నుంచి ఎరుపుకు తిరిగింది, 40 దాటుతోంది. అద్దాల మీద పాకుడు మొదలైంది. దానికి మందులు అమ్ముతారు, నేను వేయను. లైటు రోజుకు ఆరు గంటలకు తగ్గించాను, కిటికీ ఎండకు తెర వేశాను, వాలిస్నేరియాకు తోడు హార్న్‌వర్ట్ తెచ్చి పెట్టాను. త్వరగా పెరిగే మొక్క అమ్మోనియాను, నైట్రేటును నేరుగా లాగేస్తుంది. నీటి మార్పును మూడో వంతుకు పెంచాను. నెలాఖరుకు నైట్రేటు 15.

మావయ్య వచ్చి చూసి, "చెరువుకు తెచ్చిన జియోలైటు ఉంది, ఒక డబ్బా పంపనా అమ్మా?" అన్నారు. జియోలైటు అనే ఈ ఖనిజం అమ్మోనియాను పట్టుకునే మాట నిజమే. అయితే నీటిలో ఉప్పు ఎక్కువైతే పట్టుకున్నదాన్ని తిరిగి వదిలేస్తుంది. మోలీలకు జబ్బు చేసినప్పుడు ఉప్పు వేయడం మామూలు. "ఉప్పు పడితే విడిచిపెడుతుంది కదా మావయ్యా" అన్నాను. ఆయన నవ్వి, "అయితే వద్దులే" అన్నారు. అత్యవసరానికి ఒక పొట్లం మాత్రం తీసిపెట్టుకున్నాను, చేపలను సంచిలో దూరం తీసుకెళ్లాల్సి వస్తే పనికొస్తుంది. చెరువుల్లో వాడే ప్రొబయోటిక్ పొడులు కూడా తొట్టికి ప్రత్యామ్నాయం కావు. వాటిలో ఎక్కువగా ఉండే బాసిల్లస్ జాతులు మడ్డిని కుళ్లబెట్టి తగ్గిస్తాయి. అమ్మోనియాను నైట్రేటు చేసే పని స్పాంజి మీది బాక్టీరియాదే.

ఎక్కువైన పిల్లలను ఆ అబ్బాయికి, బడిలో తొట్టి పెట్టిన టీచరుకు ఇచ్చాను. ఎవరికీ ఇవ్వలేకపోయినా కాలువలో వదలకూడదు. ఈ విషయంలో నాకు రాజీ లేదు. తొట్ల నుంచి బయటపడిన సక్కర్ చేపలు మన చెరువుల్లో ఎంత నష్టం చేస్తున్నాయో రైతులను అడిగితే చెబుతారు. పంట కాలువ అయినా, మురుగు కాలువ అయినా, చివరికి అవి కలిసేది మన చేపలుండే నీటిలోనే.

డిసెంబర్

రాత్రుళ్లు చలి. తొట్టి నీరు 23 డిగ్రీలు. చేపలు మేత తక్కువ తింటున్నాయి, నేనూ తక్కువ వేస్తున్నాను. బాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది కాబట్టి ఇప్పుడు కొత్త చేపలు కలపను. మోలీల కోసం 25 దగ్గర నిలిపేలా చిన్న హీటరు పెట్టాను.

అంకెలు: అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా, నైట్రేటు 12, ఆల్కలినిటీ 115, పీహెచ్ 7.6. కుళాయి నీటి ఆల్కలినిటీ మళ్లీ 120కి చేరింది.

ఏప్రిల్‌కు ముందు చేయవలసినవి రాసుకున్నాను. బోరు నీరు తేర్చడానికి 200 లీటర్ల డ్రమ్ము, అడుగు నుంచి జానెడు ఎత్తున కుళాయి, తుప్పు కిందనే ఉండిపోయేలా. బోరు నీటిని వేసవి మధ్యలో మరోసారి ల్యాబుకు పంపాలి. భూగర్భ జలం దిగితే లవణాలు పెరగవచ్చు, అప్పుడు మూడుకు ఒకటి అన్న పాళ్లు మారతాయి. వచ్చే వానల్లో డాబా నీరు పట్టి క్యాను నీటి బదులు వాడి చూడాలి. మొదటి జల్లు వదిలేసి, తరువాతి వాన పట్టాలి. ఆల్కలినిటీ కిట్టు ద్రావణం గడువు మార్చితో ముగుస్తుంది, ఆ అబ్బాయికీ నాకూ కలిపి కొత్తది తెప్పించాలి.